కొంగల మాస్టారు

జానకీరామయ్య మాస్టారి మీద ఆయన భార్య కామేశ్వరమ్మకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన కట్టుకున్నది తననో, పెరట్లో చింతచెట్టు మీది కొంగలనో ఇరవయ్యేళ్లయినా తేలలేదు.

సొంత పిల్లలు ఏ క్లాసో చెప్పడానికి తడుముకునే మనిషి, ఏ కొమ్మన ఎన్ని గుడ్లున్నాయో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

ఏటా తొలకరికి నత్తగుల్ల కొంగలు వచ్చి ఆ చెట్టు మీదే గూళ్లు కట్టేవి. దిగపహండి ఊరు మొత్తానికి ఇంకే చెట్టూ వాటి కంటికి ఆనేది కాదు.

"ఎందుకంటావు?" అని ఆయనే అడిగి, "మనిషి మనసు పక్షికి తెలుస్తుంది కామేశ్వరీ," అని ఆయనే చెప్పుకునేవాడు.

"ఆ మనసేదో నాకూ ఒకసారి చూపించండి," అనేది ఆవిడ.

కొంగలు తిని చెట్టు కింద రాల్చిన నత్తగుల్లల కోసం కాలవ అవతలి పేట నుంచి చిట్టమ్మ తెల్లారుజామునే వచ్చేది. వాటిని కాల్చి సున్నం చేసి అమ్ముకునేది. చంకలో తట్ట, భుజాన పొడవాటి వెదురుగడ.

గడ కోతుల్ని అదిలించడానికి. తట్టలో ఒక్కోసారి గుల్లలతో పాటు, గూట్లోంచి జారిపడిన పిల్ల కూడా ఉండేది.

"కింద పడ్డ పిల్లని తల్లి మరి సూడదమ్మా. నత్తలు పెట్టి పెంచి, రెక్కలొచ్చాక మళ్లీ ఈ సెట్టు కాడే ఒగ్గీస్తాను," అంది ఒకరోజు, కామేశ్వరమ్మ ఇచ్చిన టీ తాగుతూ.

ఇదేదీ మాస్టారికి తెలీదు. ఆ పక్షి ప్రేమికుడు లేచేసరికి ఎండెక్కేది. లేచాక బడి.

కొంగల్ని కాపాడుతున్నందుకు ఆ ఏడు మాస్టారికి శాలువా కప్పడానికి బరంపురం నుంచి అటవీ శాఖ రేంజరు వచ్చాడు. పెరడంతా జనం. సరిగ్గా అప్పుడే, ఆవేళ ఆలస్యంగా వచ్చి గుల్లలేరుతున్న చిట్టమ్మ తట్టలో పిల్ల తల ఎత్తింది.

"దొంగా! గడతో గూళ్లు పడగొట్టుకుని తింటున్నావా?" అన్నాడు మాస్టారు.

"తినడానిక్కాదు బాబూ, పెంచడానికి..."

"పెంచడానికి ఇదేమైనా కోడిపిల్లా?"

జనం నవ్వారు.

చిట్టమ్మ గుమ్మం వైపు తిరిగింది. "అమ్మగారూ, మీకు తెలుసు కదా. మీరైనా సెప్పండి."

కామేశ్వరమ్మ రేంజరును చూసింది. ఇంకా మడత విప్పని శాలువాను చూసింది.

"పొయ్యి మీద పాలున్నాయి," అని లోపలికి వెళ్లిపోయింది.

మాస్టారు గడ విరిచేశాడు. పెరటి తలుపుకి తాళం వేయించాడు. చిట్టమ్మ పిల్లనెత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మరుసటి ఏడూ కొంగలు వచ్చాయి. గుడ్లు పెట్టాయి. వారం తిరక్కుండా కోతులు గూళ్లన్నీ దులిపేశాయి. కొంగలు చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎటో వెళ్లిపోయాయి.

"నమ్మకద్రోహం!" మాస్టారు మండిపడ్డాడు. "వీటి కోసం ఒక్క చింతకాయ కోయించలేదు నేను!"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

"చెప్పులేసుకోండి," అంది కామేశ్వరమ్మ. "చిట్టమ్మని పిలుచుకొద్దాం."

"ఆ దొంగనా?"

"పదండి ముందు."

పేటలో చిట్టమ్మ లేదు. మాఘంలో పోయిందని కోడలు కూర్మమ్మ చెప్పింది. వాకిట్లో ఒక కొంగ ఇంట్లో మనిషిలా తిరుగుతోంది.

"మీ సెట్టుదే బాబూ. ఆరోజు తట్టలోది. మీరు తాళం ఏసీసినారు కదా, ఎక్కడ ఒగ్గాలో తెలీక ఉంచీసినాం."

మాస్టారు తడబడ్డాడు. "అంటే, ఇదివరకు కూడా..."

"పెద్ద గాలివానకి మా పేటలో సెట్లన్నీ గూళ్లతో సహా పడిపోనాయి. మా అత్త నాలుగు పిల్లల్ని ఏరి పెంచింది. ఒగ్గడానికి ఇక్కడ సెట్టు లేక, మీ సింతసెట్టు కాడ ఒగ్గింది. మరుసటేడు అవే జోడీల్తో ఒచ్చినాయి. అప్పటికి మీరింకా ఆ ఇల్లు కొన్లేదు బాబూ."

మాస్టారు వాకిట్లో తిరుగుతున్న కొంగ వైపు చూశాడు.

"మరి ఆరోజే గట్టిగా చెప్పొచ్చు కదా?"

"అమ్మగారికి తెలుసు, ఆవిడ సెప్తారనుకుందంట."

మాస్టారు భార్య వైపు తిరిగాడు. లోపలికి వెళ్లిపోవడానికి ఈసారి ఇల్లు ఆవిడది కాదు.

"చిట్టమ్మ దొంగ కాదని నాకు తెలుసు," అంది కామేశ్వరమ్మ. "తప్పు నాది. ఆరోజు పొయ్యి మీద పాలు లేవు."