నేలకు తెలియని మనిషి

తెనాలిలో ఇంటింటికీ అడుగులు చదివే నేలలు వచ్చేశాయి. మడమ ఆనే తీరు కాస్త తేడాగా ఉన్నా అవే పలకరించి చెబుతాయి. అందుకే కుసుమ నెలరోజులుగా తుంటినొప్పిని పంటి బిగువున దాచి, మునివేళ్ల మీద నడుస్తోంది. ఎముక అరిగిందంటే ఏడాది నిండిన కొడుకు పండును ఇంకెలా ఎత్తుకుంటుంది?

ఆ ఉదయం పండును చంకనేసుకుని పప్పు తాలింపు పెడుతోంది. ఆవాలు చిటపటమని ఎగిరేసరికి ఉలిక్కిపడి మడమ ఆన్చేసింది.

"కుసుమగారూ, మీ ఎడమ తుంటి మీద పది కిలోలేవో పెరిగాయి," అంది నేల.

"అత్తయ్యా, కణితి!"

"పిచ్చిదానా, అది నా మనవడే!" అత్తగారు సుందరమ్మ పడీపడీ నవ్వింది.

నేల సర్దుకుంది. "అయితే ఎముకకేం కాలేదు. దాని మీదుండే మెత్తటి నీటితిత్తి వాచినట్టుంది. ఎప్పుడూ ఒకే పక్క మోస్తున్నారు, చాప మీదా అదే పక్క పడుకుంటున్నారు. ఐసు పెట్టండి, కొన్ని వారాలు బరువెత్తకండి, డాక్టరుకు చూపించి వ్యాయామం చేయండి. తగ్గిపోతుంది."

కుసుమకు ప్రాణం లేచొచ్చింది. పండును దించి, తుంటికి ఐసు పెట్టుకుని కూర్చుంది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె చేతులు చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. వాడు గోడ పట్టుకుని లేచాడు. గోడ వదిలాడు.

"ఇంట్లోకి కొత్త మనిషి వచ్చారు," అంది నేల కంగారుగా. "బరువు పది కిలోలు. మీవైపే వస్తున్నారు!"