కుర్చీలో కొత్త గొంతు

ఆ ఉదయం ఆకాశం కురవాలా వద్దా అని నసుగుతోంది. రేకుల కప్పు మీద నాలుగు చినుకులు పడితే చాలు, మైకులో రాళ్లు కురిసినట్టుంటుంది. వాన దిగకముందే రికార్డింగు ముగించాలని ఆమె తొందరగా వచ్చింది.

అచ్చాఫీసు పైన గది. ప్రతిధ్వని రాకుండా గోడలకు పాత దుప్పట్లు, నిలబెట్టిన పరుపులు. రెండు కుర్చీలు, రెండు మైకులు. అతను ఇంకా రాలేదు. అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంప్యూటర్లో చివరి రికార్డింగు నొక్కింది.

"ఏమండీ! తడి తువ్వాలు మంచం మీద వేస్తే మొలకలొస్తాయని ఎన్నిసార్లు చెప్పాలి?"

మాట ఆమెదే. గొంతు ఆమెది కాదు.

జవాబు చెప్పడానికి రికార్డింగులో అతను తడుముకుంటున్నాడు. ఆమె ముందు ఎన్నడూ తడుముకోని మనిషి.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

నాలుగేళ్ల కిందట ఇద్దరూ పాడ్‌కాస్టు మొదలుపెట్టినప్పుడు అందరూ చెప్పేవే చెప్పారు. ఆరోగ్యం, పొదుపు, సినిమా కబుర్లు. సంతలో అందరూ ఒకేసారి కేకలేస్తే ఎవరి బేరమూ వినపడదు. వీళ్లదీ అంతే. విన్నది ఇద్దరే. ఆ ఇద్దరూ వీళ్లే.

"మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటే గోడకు చెవి ఆనించనివాళ్లు ఎవరుంటారు?" అన్నాడతను ఒకనాడు.

అలా పుట్టింది 'ఉప్పు తక్కువైంది'. వారానికో పోట్లాట. పోట్లాట ఎంచి తేవడం అతని వంతు. దానికి కారం దట్టించడం ఆమె వంతు. జనం విరగబడి విన్నారు. కూరల కొట్టావిడ తూకం వేస్తూ, "ఏమ్మా, మీ ఆయన తువ్వాలు ఆరేశాడా?" అని ఆటపట్టించేది. ఆమె నవ్వేది. ఆ కుర్చీ కోసం బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం వదిలేసింది. మళ్లీ వెళితే అక్కడ ఆ చోటు లేదు. ఈ చోటు తనదేనని నమ్మింది.

తలుపు చప్పుడైంది.

"ఎవరండీ ఆవిడ?"

అతను గడప దగ్గరే ఆగిపోయాడు.

"విన్నావా?"

"ఊరంతా విన్నాక నేను వినాలా?"

"ఇంకా బయటపెట్టలేదు. నీతో చెప్పాకే పెడదామని..."

"ఎంత మర్యాద! పీక కోసి, నొప్పిగా ఉందా అని అడిగినట్టుంది."

అతను కూర్చోలేదు. ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఇప్పుడు సందుకో జంట మైకు పెట్టుకుని పోట్లాడుతోంది. మనల్ని వినేవాళ్లు సగానికి పడిపోయారు. మన పోట్లాట వేరుగా వినపడాలి."

"నాది వినపడదా?"

"పోయిన వారం నువ్వు ఏడిస్తే ఒకాయన ఏం రాశాడో చూశావు కదా. బ్రహ్మాండంగా నటించారు అన్నాడు."

"మెచ్చుకున్నాడు!"

"కాదు. పట్టేశాడు."

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"ఆవిడ నాకంటే బాగా నటిస్తుందా?"

"ఆవిడకు నటన రాదు."

"ఎన్నాళ్ల నుంచీ ఈ పరిచయం?"

అతను దుప్పటి అంచు సరిచేశాడు. అది సరిగానే ఉంది.

"చెప్పండి. మైకు లేదుగా, భయమెందుకు?"

"నీకంటే ముందు నుంచి."

ఆమె హెడ్‌ఫోన్ల తీగ చుట్టసాగింది.

"మధ్యాహ్నం భోజనానికి రా" అన్నాడు మెల్లగా. "ఆవిడే పిలవమంది. నిన్ను చూడాలట."

"చూసి? కుర్చీ అప్పగించినట్టు సంతకం పెట్టించుకుంటుందా?"

వెళ్లకూడదనుకుంది. కానీ ఏ మొహం పెట్టుకుని తన కుర్చీలో కూర్చుందో ఒక్కసారి చూడాలనిపించింది. వెళ్లింది.

తలుపు తీసినావిడకు నలభై దాటి ఉంటాయి. జుట్టు ముడి వేసుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆమెను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా! గొంతు విని ఇంకా పెద్దదానివనుకున్నా. రా, కూర్చో."

మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. అతను అప్పటికే ఒకదాని ముందు ఉన్నాడు. తలెత్తలేదు.

"బస్సులో నువ్వే, దర్జీ కొట్లో నువ్వే" అంది ఆవిడ, అన్నం వడ్డిస్తూ. "పక్కింటావిడ ఫోనులోనూ నువ్వే. నీ గొంతు తప్పించుకుని తిరగడానికి చోటు లేదనుకో."

"అందుకే కాబోలు, విని విని నా మాటలన్నీ కంఠతా పట్టారు."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నీ మాటలా?"

ఆవిడ అతని వైపు తిరిగింది.

"అవి ఎక్కడివో చెప్పలేదా ఈ అమ్మాయికి?"

అతను నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉన్నాడు.

"ఊఁ, సరే" అంది ఆవిడ. "తినండి. చల్లారిపోతోంది."

అతనూ, అతను పెళ్లి చేసుకున్న ఆవిడా, నాలుగేళ్లుగా మైకు ముందు మాత్రమే అతనికి పెళ్లామైన ఆమె, ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.