కప్పు ముట్టని అన్న

"ఒక్క ఫోటో అన్నయ్యా! చేతులు జేబుల్లోంచి తీసి దీని మీద వెయ్యి. నీ సొమ్మేం పోదులే," అన్నాడు తారస్.

"పోతుంది," అన్నాడు ఒరెస్ట్, చేతులు జేబుల్లోనే ఉంచి.

ఇంటి ముందు గడ్డిలో, బల్ల మీద కప్పు ధగధగలాడుతోంది. ఐస్ హాకీ కర్ర పట్టిన ప్రతివాడూ పాలపళ్లు ఊడకముందు నుంచీ కలలు కనే కప్పు అది. ఈ ఏడాది తారస్ జట్టు గెలిచింది. గెలిచిన జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కో రోజు దాన్ని ఇస్తారు. తారస్ తన రోజున దాన్ని కెనడాలో సస్కాచెవాన్‌లోని సొంత ఊరికి తెచ్చుకున్నాడు. కోతలు ఆపుకుని మరీ ఊరు ఊరంతా వచ్చి తడిమింది. బేకరీ ఆవిడ ముద్దు పెట్టుకుంది. చర్చి ఫాదర్ ఎత్తబోయి నడుం పట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ముట్టనివాడు ఒరెస్ట్ ఒక్కడే.

గెలవకుండా ఆ కప్పుని ముట్టుకుంటే ఇక జన్మలో గెలవరని ఆటగాళ్ల నమ్మకం. కానీ నమ్మకానికైనా ఓ వయసుండాలిగా! ఒరెస్ట్‌కి నలభై ఒకటి. చిన్నా చితకా జట్లకి పన్నెండేళ్లు గోల్ కాసి, మోకాళ్లు రెండూ అరగ్గొట్టుకుని, ఆట మానేసి ఆరేళ్లయింది. ఇప్పుడు పక్క నగరంలో కుర్రాళ్ల జట్టులో గోల్ కాసే గోలీలకి ఆట నేర్పుతున్నాడు. అలాంటివాడు పొద్దుట్నుంచీ మడి కట్టుకున్నట్టు దూరదూరంగా తిరుగుతుంటే తారస్ మనసు చివుక్కుమంటోంది.

"ఏం ఒరెస్ట్, మళ్లీ బరిలోకి దిగుతావా ఏంటి?" అని పెట్రోలు బంకు లోర్న్ ఎగతాళి చేశాడు.

"నీకేం, నువ్వు తడుముకో," అన్నాడు ఒరెస్ట్.

మంచి మాటలతో కుదిరేలా లేదని తారస్ ఎత్తు వేశాడు. కప్పు మోసుకుంటూ వచ్చి, "ఒక్క క్షణం పట్టుకో అన్నయ్యా, లేసు ఊడింది," అన్నాడు.

ఒరెస్ట్ వంగి చూశాడు. "నువ్వేసుకున్నవి చెప్పులురా."

మధ్యాహ్నం వాళ్లమ్మ స్టెఫానియా బంగాళాదుంప కూరిన కుడుముల్లాంటి పెరోగీలు ఉడికించి, తీసుకొచ్చి ఆ కప్పులోనే కుమ్మరించింది. అందరూ దాని చుట్టూ మూగి తిన్నారు.

"నాకు గిన్నెలోవి పెట్టమ్మా," అన్నాడు ఒరెస్ట్.

"గిన్నెలో ఏం మిగల్లేదు. తింటే దీంట్లోవి తిను, లేకపోతే పస్తుండు."

"అయితే నువ్వే తీసి నా ప్లేట్లో వెయ్యి."

"నలభై దాటినా నీకింకా గోరుముద్దలు కావాలేం!" అని విసుక్కుంటూనే వేసింది. అందరూ విరగబడి నవ్వారు. తారస్‌కి మాత్రం నవ్వు రాలేదు. నాకు దక్కినది తనకి దక్కలేదనే కదా అన్నయ్య బాధ, అనుకున్నాడు.

నాలుగింటికి కప్పుని ట్రక్కులో ఊరంతా తిప్పి తెచ్చారు. దానికి కాపలాగా వచ్చిన తెల్ల చేతితొడుగుల విల్మర్ ఇంకా దిగనేలేదు, ఎవరో తొందరపడి ట్రక్కు వెనక తలుపు దించారు. కప్పు ఒరిగింది. పక్కనే ఉన్నది ఒరెస్ట్.

"పట్టుకో!" అని అరిచాడు తారస్.

ఒరెస్ట్ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, కాలు మాత్రం చాచాడు. అంత బరువు కప్పూ వచ్చి అరిగిపోయిన ఆ మోకాలి మీద వాలి, మెల్లగా గడ్డిలోకి జారింది. సొట్ట కూడా పడలేదు. జనం ఈలలు వేశారు.

"తగిలిందిగా! ముట్టుకున్నట్టే," అన్నాడు తారస్ ఆశగా.

"తగిలింది ప్యాంటుకి," అన్నాడు ఒరెస్ట్, మోకాలు రుద్దుకుంటూ.

ఆరింటికి విమానానికి టైమైందని విల్మర్ కప్పుని పెట్టెలోకి సర్దడం మొదలుపెట్టాడు. జనం వెళ్లిపోయారు. ఇక తారస్ వల్ల కాలేదు. అన్నని చెయ్యి పట్టి షెడ్డు వెనక్కి లాక్కెళ్లాడు.

"నిజం చెప్పు. నేనంటే కుళ్లా నీకు?"

"ఛ, అవేం మాటలురా?"

"మరేంటి? నన్ను మంచు మీద నిలబెట్టింది నువ్వు. షాట్ కొట్టడం నేర్పింది నువ్వు. ఆ కప్పు ఎత్తినప్పుడు నేననుకున్నది ఒక్కటే, ఇది మా అన్న చేతిలో పెట్టాలని. నువ్వేమో ఊరందరి ముందూ కాలితో ఆపావు. నాకెలా ఉంటుంది?"

ముప్పై ఏళ్లవాడు, ఆటలో ముందు పళ్లు మూడు రాలగొట్టుకున్నవాడు, చిన్నపిల్లాడిలా మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

ఒరెస్ట్ మొహం మెత్తబడింది. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇవాళ నీ రోజు. పాడుచెయ్యడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను. అదీగాక సోమవారం దాకా ఎవరికీ చెప్పొద్దని వాళ్లన్నారు."

"ఎవరు వాళ్లు?"

"ఆ కప్పు మీద పేర్లు చెక్కుతారుగా. ఆడినవాళ్లవేనా?"

"కాదు. మేనేజర్లవీ చెక్కుతారు, కోచ్‌లవీ..." తారస్ అన్న మొహంలోకి చూశాడు.

"ఫైనల్లో నీ షాట్లకి చిత్తయిపోయాడే అవతలి జట్టు గోలీ," అన్నాడు ఒరెస్ట్, "సెప్టెంబరు నుంచి వాడికి కోచ్‌ని నేనేరా."