అత్తకు కొండమీద విందు

అత్త మెడలోని కాసుల దండ కాజేయడానికి మునిరత్నం తిరుమల కొండను ఎంచుకున్నాడు.

బాగా ఆలోచించే ఎంచుకున్నాడు. ఇంట్లో వరదమ్మ ఆ దండను నిద్రలో కూడా తీయదు. కొండమీద పాపనాశనం ధార కింద స్నానం చేసేటప్పుడు మాత్రం, నీళ్ల ధాటికి తెగిపోతుందని తీసి గట్టున పెడుతుంది. అచ్చం అలాంటి గిల్టు దండ ఒకటి మద్రాసులో చేయించి తెచ్చాడు. అసలుది చేతికొస్తే చిత్తూరులో టూరింగ్ టాకీసు పెట్టాలని ఆశ. పనిచేసి సంపాదించాలనే ఆలోచన ఆ మహానుభావుడికి పుట్టుకతోనే లేదు.

అవి యుద్ధం రోజులు. తిరుపతిలో జనం రేషను బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే, మునిరత్నం నేతి పులిహోర, మిరియాల వడలు, బొబ్బట్లు, గడ్డపెరుగు కట్టించి అత్తనూ భార్యనూ కొండకు బయల్దేరదీశాడు. కొత్తగా పడిన ఘాట్ రోడ్డు బస్సులో అత్తకు కిటికీ పక్క చోటిచ్చాడు. ఎనిమిదేళ్ల కాపురంలో ఎన్నడూ చూడని ఈ మర్యాదకు భార్య పంకజాక్షి మురిసిపోయింది.

"నగలు ఈడ పెట్టిపో అత్తా. నేను కాపలా ఉంటా," అన్నాడు పాపనాశనం దగ్గర.

"నువ్వుండగా నాకేం భయం నాయనా," అని వరదమ్మ దండ తీసి పొడిచీర మడతల్లో పెట్టింది. తల్లీకూతుళ్లు నీళ్ల కిందికి వెళ్లారు.

రెండు నిమిషాల్లో గిల్టు దండ చీర మడతల్లోకి పోయింది. అసలుది చేతిరుమాలులో మూటకట్టి, జారిపోకుండా తన వెండి మొలతాడుకు మూడు ముళ్లు వేసి బిగించాడు. తన జాగ్రత్తకు తానే ముచ్చటపడ్డాడు.

వరదమ్మ వచ్చి దండ వేసుకుంది. దానివైపు చూడనైనా లేదు. చెట్ల నీడన విస్తళ్లు పరిచి అల్లుడికి దగ్గరుండి వడ్డించింది.

"ఇంకో బొబ్బట్టు ఎయ్యించుకో అబ్బా. ఈ పొద్దు బాగా తినల్ల నువ్వు."

మొలతాడు పొట్టకు ఒత్తుకునేదాకా తిన్నాడు మునిరత్నం.

సాయంత్రం దర్శనమయ్యాక హుండీ ముందు వరదమ్మ ఆగింది.

"నాయనా, పోయినేడు నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నీ పేరున నిలువుదోపిడి మొక్కినాను. నీ ఒంటిమీది బంగారం, వెండి అంతా స్వామిదే. తియ్యి."

"ముందే చెప్పొచ్చు గదా అత్తా!" అన్నాడు మునిరత్నం.

"చెప్పింటే వచ్చింటావా?"

వెనక జనం గోవిందలు కొట్టారు. భర్త ప్రాణం దక్కిన సంగతి తలుచుకుని పంకజాక్షి కళ్లు తుడుచుకుంది. ఇక తప్పేదేముంది? ఉంగరం పోయింది. చెవిపోగులు పోయాయి.

"మొలతాడు గూడా. అంగట్లో నూలుదారం కొన్నాలే, అది కట్టుకో."

తుండుగుడ్డ చాటున ముళ్లతో కుస్తీపట్టాడు. ఒక్కటి ఊడింది. రెండోది ఊడలేదు. వెనకనుంచి తోపులాట, పక్కన అత్త చూపు. మొలతాడూ మూటా కలిసే హుండీలో పడ్డాయి.

బస్సు కోసం కూర్చున్నప్పుడు అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. దొరికిపోలేదన్నదొక్కటే ఊరట. పంకజాక్షి గిన్నెలు కడగడానికి వెళ్లింది.

వరదమ్మ మెడలోని దండ తీసి అల్లుడి ఒళ్లో పడేసింది.

"ఈ గిల్టుది నువ్వే పెట్టుకో నాయనా. ఆడ అరిసింటే నా బిడ్డ పరువు పోయేది," అంది మెల్లగా. "టైఫాయిడ్ అప్పుడు నేనేం మొక్కలేదులే. మొక్కింది ఈ పొద్దే, ఆ నీళ్ల కింద నిలబడి నిన్ను సూసినాకనే."