శారీగార్డు లేని బండి

భార్య నిషాత్ చనిపోయిన ఏడాదికి ఖైసర్ తమ పాత బుల్లెట్‌ను ఒంటి సీటు కేఫ్ రేసర్‌గా మార్చడానికిచ్చాడు. ఖాళీగా ఉన్న ఆ వెనక సీటును ఇక చూడలేకపోయాడు. జమ్మికుంట మెకానిక్ చాంద్‌పాషా ఫ్రేము కోసే ముందు ఆగాడు.

"ఒంటి సీటు పెడ్తే ఎనక ఎవ్వరు కూసోరాదు భాయ్. జర సోంచాయించుకో."

"ఎవరున్నరు కూసునేటందుకు? కోయ్."

వెనక చక్రం పక్కనున్న శారీగార్డు కూడా తీయించేశాడు. నిషాత్ బురఖా చువ్వల్లో చిక్కుకోకూడదని పెళ్లయిన కొత్తలో అతను దగ్గరుండి పెట్టించిందే అది. అయినా బండెక్కిన ప్రతిసారీ ఆమె అనేది, "జర మెల్లగ పో, బురఖా చక్రంల పడ్తది."

బండి చేతికొచ్చిన రోజు చీకటి పడ్డాక ఇంటికి బయల్దేరాడు. పత్తి చేల మధ్య రోడ్డు మీద ఎవరూ లేరు. కొంత దూరం పోయాక వెనక చక్రం దగ్గర గుడ్డ రెపరెపలాడుతున్న చప్పుడు వినిపించింది. ఆపి, ఫోన్ వెలుగులో చూశాడు. చక్రానికి ఏమీ చుట్టుకోలేదు. మళ్లీ కదిలాడో లేదో, అదే చప్పుడు. ఈసారి చువ్వలకు మరింత దగ్గరగా.

ఖైసర్ ఇంజన్ ఆపేశాడు. వెనక్కి చూడకుండానే దిగి, హ్యాండిల్ పట్టుకుని నెట్టడం మొదలుపెట్టాడు. సీటూ ఇనుమూ కోసి తేలిక చేసిన బండి, వంతెన ఎత్తు దగ్గర బరువెక్కి ముందుకు కదల్లేదు.

"దిగకు," అన్నాడు మెల్లగా. "గార్డు తీసేసిన గదా. ఇంటిదాంక నూకుకుంటనే వస్త."