వీసా పెట్టెకు బొట్టు

స్టూడెంట్ వీసా కోసం ఇప్పుడెవరూ కాన్సులేటుకు పోవడం లేదు. వీసా పెట్టే ఇంటికొచ్చి, మూడు రోజులు మకాం వేసి, చదువయ్యాక పిల్లలు తిరిగొస్తారో లేదో తేలుస్తుంది.

మూడోరోజు హైమ స్నానం చేసి వచ్చేసరికి, తల్లి రాజ్యం ఆ పెట్టె గుండ్రటి కంటి నిండా పసుపు పూసి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టేసింది.

"అది దాని కన్నమ్మా! నా వీసా గోవిందా!"

"మూడు రోజులు మనింట్లో ఉన్నదాన్ని బొట్టు పెట్టకుండా ఎలా పంపుతామే?"

హైమ తడిగుడ్డ అందుకుంది.

"నాకే ఇక్కణ్ణుంచి వెళ్ళబుద్ధి కావడం లేదండీ," అంది పెట్టె రాజ్యంతో. "మీ అమ్మాయి తిరిగి రాకుండా ఉంటుందా? వీసా ఇచ్చేశాను. కన్ను తుడిచి, బొట్టు మాత్రం కాస్త పైన మళ్ళీ పెట్టండి."