బుధవారం లెక్క

రెండో రోజు సాయంత్రానికి కూడా ఇంజినీరమ్మకి లెక్క కుదరలేదు.

కూడలి మూలనున్న ఖాళీ స్థలంలో ఇరవై రెండంతస్తుల భవనం రాబోతోంది. కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్ళు.

అది వస్తే రద్దీ వేళ గంటకి ఎన్ని బళ్ళు కొత్తగా రోడ్డెక్కుతాయి, ఆ బరువుని ఈ కూడలి మోస్తుందా మోయదా? అది తేల్చడం ఆమె పని. మోస్తుందని ఆమె రాసిస్తేనే అనుమతి.

కళ్ళజోళ్ళ షాపు మేడ మీది వరండాలో కూర్చుని నాలుగు వైపుల నుంచీ వచ్చే బళ్ళని లెక్కపెడుతోంది.

సిగ్నల్ లేని కూడలి. సూత్రం ప్రకారం ఇన్ని బళ్ళకి ఒక్కో వైపు అరవై దాకా బారు తీరాలి. పన్నెండుకి మించి ఆగడం లేదు.

కూడికలు మళ్ళీ చేసింది. తప్పెక్కడా దొరకలేదు.

దానికి తోడు కింద ఒక ముసలాయన. నెత్తిన వెలిసిపోయిన టోపీ. లారీ కానీ, ఆటో కానీ, వ్యాను కానీ, కనబడ్డ ప్రతి బండి కిటికీ దగ్గరికీ వెళ్ళి ఏదో మాట్లాడతాడు. కొందరు నవ్వుతారు. కొందరు విసుక్కుంటారు.

అడుక్కుంటున్నాడనుకుంది. ఆయన అడ్డం వచ్చినప్పుడల్లా ఏ బండిని రాసిందో, దేన్ని వదిలేసిందో తెలియడం లేదు.

ఓపిక నశించి మెట్లు దిగింది.

“తాతగారూ, మీరిలా బళ్ళు ఆపి మాట్లాడుతుంటే నా లెక్క చెడుతోంది. రేపొక్కరోజు ఇటు రాకండి.”

“ఏం లెక్కమ్మా?”

ఈయనకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే గబగబా చెప్పింది.

ఆయన ఒకసారి బళ్ళ వంక, ఒకసారి ఆమె చేతిలోని కాయితాల వంక చూశాడు.

“నేను లేకపోతే సరిగ్గా వస్తుందా?”

“వస్తుంది.”

“అయితే రానులే. రేపు మాత్రం ఒక్కటి కూడా వదలకుండా రాసుకో.”

బుధవారం ఆయన కనబడలేదు.

తొమ్మిదికల్లా కూడలి బిగుసుకుపోయింది. బారు చివర ఎక్కడుందో వరండాలోంచి కనబడలేదు. స్కూటర్లు ఫుట్‌పాత్ ఎక్కాయి. రెండు వ్యాన్లు ఎదురెదురుగా నిలబడి, నువ్వు వెనక్కెళ్ళంటే నువ్వెళ్ళని పావుగంట వాదించుకున్నాయి.

బళ్ళ సంఖ్య మాత్రం నిన్నటంతే.

ఆమెకి ఏమీ పాలుపోలేదు. వాన లేదు. ప్రమాదం లేదు. సెలవు రోజు కూడా కాదు. ఏమీ అర్థం కాకపోయినా అన్నీ రాసింది.

గురువారం పొద్దున్నే ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

“నిన్నటిదంతా రాసుకున్నావా?”

“రాశాను.”

“మొత్తం?”

“మొత్తం.”

ఆయన మొహం విప్పారింది. ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. ఆ రోజు బళ్ళు మళ్ళీ మామూలుగానే కదిలాయి.

ఆఫీసులో పెద్ద ఇంజినీరు నాలుగు రోజుల కాయితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. బుధవారం ఎక్కడో ఏదో జరిగే ఉంటుందని, ఒక్క రోజు కోసం జుట్టు పీక్కోవద్దని, దాన్ని తీసేసి మిగతా మూడింటికీ సగటు కట్టమని చెప్పాడు. ఆమె అరగంట ఆ కాయితం వంకే చూస్తూ కూర్చుంది. తీసెయ్యకూడదని చెప్పడానికి కారణమేదీ దొరకలేదు. తీసేసింది.

ఆ సగటు ప్రకారం కూడలి గంటకి ఇంకో ఏడొందల బళ్ళని మోయగలదు. భవనం వల్ల పెరిగేవి ఆరొందల నలభై. అనుమతి వచ్చేసింది.

భవనం లేచి, జనం చేరేసరికి మూడేళ్ళు పట్టింది.

చేరిన నెలకే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇంజినీరమ్మని మళ్ళీ అదే వరండాకి పంపారు.

కింద ఎటు చూసినా ఆగిపోయిన బళ్ళే. ఈసారి భవనంలోంచి వచ్చేపోయే వాటినే విడిగా లెక్కపెట్టింది. ఆరొందల పది. తను చెప్పినదానికన్నా తక్కువే.

అంచనా తప్పలేదు. మరి రోడ్డెందుకు కదలదు?

బుర్ర పనిచేయక కిందికి దిగి, కళ్ళజోళ్ళ షాపావిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగుతూ ఊరికే అడిగింది.

“ఇక్కడ టోపీ పెట్టుకుని ఒకాయన అడుక్కుంటూ ఉండేవాడు కదా, కనబడ్డం లేదే?”

షాపావిడ అద్దాలు తుడవడం ఆపేసింది.

“పోయిన చలికాలంలో, ఆ భవనంలోకి జనం చేరుతున్నప్పుడే పోయారు. అడుక్కోవడమేంటమ్మా?”

ముప్ఫై ఏళ్ళు ఆ దారిలోనే బస్సు నడిపి రిటైరైన మనిషట. ఏ లారీ ఎప్పుడొస్తుందో, ఏ వ్యాను ఎక్కడ సరుకు దింపుతుందో అన్నీ కంఠతా. ఒకరిని పది నిమిషాలు ఆగి రమ్మనేవారు. ఇంకొకరిని వెనక సందులోంచి పొమ్మనేవారు. ఎవరూ చెప్పకుండానే, తొమ్మిదేళ్ళు. మధ్యమధ్య సిగ్నల్ కోసం అర్జీలు పెట్టేవారు. అధికారులు చెప్పాపెట్టకుండా వచ్చి, కాసేపు చూసి, ఇక్కడ బళ్ళు ఆగడమే లేదు కదా, సిగ్నలెందుకని రాసి వెళ్ళిపోయేవారు.

“తనే నడిపిస్తున్నానని వాళ్ళకి చెప్పలేదా?” అంది ఇంజినీరమ్మ.

“చెప్పారు. ఒక్క మనిషి వల్ల ఏమవుతుందని నవ్వారట.”

బయట హారన్లు ఆగకుండా మోగుతున్నాయి.

“మీరు రావద్దన్న రోజు ఇక్కడే, మా షాపులో ఆ కుర్చీలో కూర్చున్నారు. ఈ మోతకి లేచి వెళ్ళబోయి, మళ్ళీ బలవంతాన కూర్చునేవారు. మేడ మీద ఆ అమ్మాయి మొత్తం రాసుకుంది, ఈసారి సిగ్నల్ వస్తుందని పోయేదాకా అంటూనే ఉన్నారమ్మా.”